చైనా బాలింత పథ్యం మనింట్లో ఎలా వండాలి: ఏ రోజు ఏది పెట్టాలి, ఎక్కడ తప్పుతాం

నేను సింగపూర్లో ఉంటానని తెలిసిన దగ్గర్నుంచి నాకొచ్చే ప్రశ్న ఒకటే, అడిగేవాళ్ళే మారుతుంటారు. "అమ్మాయ్, మా కోడలు చైనీస్ పిల్ల, వచ్చే నెల పురుడు, వాళ్ళమ్మగారికి రావడం కుదరట్లేదట, నేనే వండాలి, ఏం పెట్టను?" అని ఒకావిడ. "అక్కా, పక్కింటి చైనీస్ అమ్మాయి ప్రసవించింది, ఏదైనా వండి పట్టుకెళ్దామనుకుంటున్నా, ఏం తింటారు వీళ్ళు?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోతోంది, అందుకే ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా.

నేనేమీ డాక్టర్ని కాదు. మా తమ్ముడి భార్య క్యాంటనీస్ పిల్ల, అంటే దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు వాళ్ళు, తన కాన్పుకి 30 రోజులూ వంట నా మీద పడింది, అప్పుడు మా పక్కింటి ఆంటీ పక్కన నిలబడి నేర్పించింది. నేర్పించింది అంటే ఎక్కువసార్లు నా చేతిలో గరిటె లాక్కుంది.

దీన్ని చైనీస్‌లో జ్వో యుయెజ అంటారు, అంటే నెల కూర్చోవడం. సింగపూర్, మలేషియాల్లో అందరూ కన్ఫైన్‌మెంట్ అనేస్తారు. మామూలుగా 30 రోజులు, ఆపరేషన్ అయితే 40 దాకా లాగుతారు. సిద్ధాంతం పెద్దగా చెప్పను, మీకు చెప్పక్కర్లేదు కూడా, కాన్పులో రక్తం పోయి ఒళ్ళు చల్లబడుతుంది, గాలి సోకితే ముసలితనంలో కీళ్ళు పట్టేస్తాయి అని వాళ్ళ నమ్మకం, మన అమ్మమ్మలు బాలింత చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టేది ఇందుకే కదా. అందుకని ఒంటికి వేడి చేసేవి పెడతారు, చలవ చేసేవి ఆపేస్తారు.

మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

ఆ అమ్మాయిది ఏ ప్రాంతం? ఇది అడక్కుండా వంట మొదలుపెట్టకండి. చైనా అంతా ఒకే పథ్యం ఉండదు. గ్వాంగ్‌డాంగ్ వాళ్ళకి అల్లం వెనిగర్‌లో పంది కాళ్ళు, తైవాన్ వాళ్ళకి నువ్వులనూనె కోడి, హక్కా అనే దక్షిణ చైనా వాళ్ళకి ఇంట్లో కాచిన బియ్యం సారాయితో కోడి, షాంఘై వైపు పులియబెట్టిన తీపి అన్నంలో గుడ్డు, ఉత్తరాది వాళ్ళకి కొర్రల జావ, బెల్లంలాంటి ముదురు చక్కెర నీళ్ళు, ఉడికించిన గుడ్లు. బీజింగ్ పిల్లకి మీరు కష్టపడి వెనిగర్ కాళ్ళు వండి తీసుకెళ్తే మొహమాటానికి ఒక ముక్క తిని పక్కన పెడుతుంది.

రెండోది, మామూలు కాన్పా, ఆపరేషనా? షుగర్, బీపీ ఉన్నాయా? రక్తం పల్చబడే మందులు వాడుతోందా? పాలిస్తోందా? ఈ జవాబుల్ని బట్టి కింద సగం మారిపోతాయి.

కావలసినవి

- ముదురు అల్లం, నెలకి 3 కిలోల దాకా. పీచుగా, తొక్క మందంగా ఉండాలి. మలేషియాలో బెంటాంగ్ అల్లం దీనికి పేరు. లేత అల్లం పనికిరాదు, శొంఠి దీనికి బదులు కాదు.
- నల్ల నువ్వుల నూనె. ఇక్కడే మనవాళ్ళు తప్పు చేస్తారు, మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది, వాళ్ళది వేయించిన నువ్వులది, ముదురు రంగు, ఘాటైన వాసన. మన నూనెతో చేస్తే తినొచ్చు గానీ ఆ రుచి రాదు.
- ఎర్ర ఖర్జూరం అని పేరు చూసి మన ఖర్జూరం వేసేవాళ్ళు చాలామంది! అది ఖర్జూరం కాదండీ, మన రేగుపండుకి చుట్టం, జుజుబీ అని అడగండి, ఎండబెట్టి ముడతలు పడి ఎర్రగా ఉంటుంది.
- ఎండు లాంగన్ (లిచీకి చుట్టం), గోజీ పళ్ళు (చిన్న చిన్న ఎర్రటి ఎండు పళ్ళు). ఇవీ జుజుబీ కూడా చైనీస్ మందుల కొట్లో కిలోల లెక్కన దొరుకుతాయి, ఇండియాలో అయితే ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి.
- తీపి నల్ల వెనిగర్. హాంకాంగ్ బ్రాండ్ పాట్ చున్ బాగా వాడతారు. తెల్ల వెనిగర్ వెయ్యకండి.
- బియ్యపు వైన్. వంటకని విడిగా అమ్మే వైన్‌లో ఉప్పు కలిపి ఉంటుంది, సీసా వెనక చదివి కొనండి.
- మట్టికుండ లేదా సిరామిక్ కుండ, 2 లీటర్ల ఫ్లాస్క్.

1. ముందు రోజులు రాసుకోండి

అందరూ రెసిపీ అడుగుతారు, ఎవరూ రోజు అడగరు. గొడవంతా అక్కడే. మంచి వంటే, తప్పు రోజున పెడితే ఇబ్బంది. నేను ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాసుకున్నా:

మొదటి వారం: తేలిక తిండి. మెత్తటి జావ, అల్లం తక్కువగా వేసిన చేప, పల్చటి సూప్, గుడ్డు. తైవాన్ పద్ధతిలో ఈ వారం నువ్వులనూనెలో పంది కాలేయం పెడతారు. వైన్ వద్దు. పాలు పడేందుకని చిక్కటి కొవ్వు సూపులు అప్పుడే వద్దు, పాలింకా సరిగ్గా దిగకముందే అవి దంచేస్తే రొమ్ములు గడ్డకట్టి నొప్పి పుడుతుందని ఆంటీ గట్టిగా చెప్పింది.

రెండో వారం: చేప-బొప్పాయి సూప్, వేరుశనగ సూప్. తైవాన్ వాళ్ళు ఈ వారం పంది మూత్రపిండాలు వండుతారు. వెనిగర్ కాళ్ళు 12వ రోజు దాటాకే.

మూడు, నాలుగు వారాలు: నువ్వులనూనె కోడి, వెనిగర్ కాళ్ళు, బలమైనవన్నీ.

ఆపరేషన్ అయితే ఒక్కోదాన్నీ ఇంకో వారం ఆలస్యంగా పెట్టండి. రక్తస్రావం ఇంకా ఎర్రగా జోరుగా ఉంటే కాగితంలో ఏ రోజున్నా సరే అల్లం, వైన్, లాంగన్, మూలికలు ఆపి డాక్టర్ని అడగండి.

2. జుజుబీ టీ

రోజూ చేసేది ఇదే, పొద్దున్నే కాచి ఫ్లాస్క్‌లో పోసి పెడితే రోజంతా తాగుతుంది. 15 నుంచి 20 జుజుబీలు కడిగి, గాటు పెట్టి గింజ తీసెయ్యండి, గింజ వేడి చేస్తుందంటారు. 2 లీటర్ల నీళ్ళలో వేసి సన్న మంట మీద 45 నిమిషాలు. మొదటి వారం దాటితే గుప్పెడు లాంగన్ కూడా. చివరి 10 నిమిషాల్లో గోజీ, ముందే వేస్తే చితికిపోయి పులుపెక్కుతుంది.

సరిగ్గా వచ్చిందా లేదా ఎలా తెలుస్తుందంటే, రంగు మన డికాక్షన్‌కి కాస్త తక్కువగా ఉండాలి, చక్కెర వెయ్యకుండానే తియ్యగా ఉండాలి. తీపి లేదంటే పళ్ళకి గాటు పడలేదని అర్థం.

ఇక్కడో హెచ్చరిక. పాత పద్ధతిలో మంచినీళ్ళే ఇవ్వరు, నీరు పడుతుందని ఈ టీ మాత్రమే. పాలిచ్చే పిల్లకి అది అన్యాయం. టీతో పాటు గోరువెచ్చటి నీళ్ళు పక్కన పెట్టండి, పెద్దవాళ్ళు గొడవ చేస్తే "కాచినవే ఆంటీ, వేడివే" అనండి, నేను అలాగే నెట్టుకొచ్చా. కాన్పు షుగర్ వచ్చిన వాళ్ళకి లాంగన్ మానేసి పళ్ళు 5కి తగ్గించండి.

3. చేప, బొప్పాయి సూప్

బొప్పాయి అనగానే మనవాళ్ళు గుండె పట్టుకుంటారు. అది కడుపుతో ఉన్నప్పటి భయం, ఇప్పుడు కాన్పు అయిపోయింది కదా. పాలకోసం చేప పెట్టడం మనకేం కొత్త, కోస్తాలో బాలింతకి సొరపిట్టు చేసి పెట్టరూ, అలాంటిదే అనుకోండి.

చేప తడి లేకుండా తుడవాలి. 2 చెంచాల నూనెలో అల్లం ముక్కలు వేసి, చేపని రెండు వైపులా ఎర్రగా కాల్చండి. ఇప్పుడు మరుగుతున్న నీళ్ళు పొయ్యండి, చల్లనీళ్ళు కాదు, సలసలా మరిగేవి. మంట పెద్దది చేసి 10 నిమిషాలు ఉంచితే సూప్ పాలలా తెల్లగా మారిపోతుంది. పాలేమీ పొయ్యలేదు, చేప కొవ్వు నీళ్ళలో చిన్న చిన్న బొట్లుగా విడిపోవడం వల్ల ఆ రంగు. తర్వాత దోరగా ఉన్న బొప్పాయి ముక్కలు వేసి 20 నిమిషాలు. ముళ్ళు లేకుండా వడగట్టి ఇవ్వండి, నిద్రలేని బాలింత ముళ్ళు ఏరుకుంటూ కూర్చోలేదు పాపం.

సూప్ తేటగా ఉండిపోయిందంటే చల్లనీళ్ళు పోశారు, లేదా మంట చాల్లేదు. రుచికి తేడా లేదు, పారబొయ్యకండి. నీచువాసన వస్తే చేప కడుపులో నల్లపొర తియ్యలేదన్నమాట.

ఇంకోమాట, పాలు వచ్చేది బిడ్డ తరచుగా తాగితే. సూప్ తోడు మాత్రమే. సూప్ తాగినా పాలు రావట్లేదని ఆ పిల్లని దెప్పకండి.

4. నువ్వులనూనె కోడి

ఎముకతో కొట్టించిన నాటుకోడి ముక్కలు 750 గ్రాములు, అల్లం 70 గ్రాములు తొక్క తియ్యకుండా పల్చటి బిళ్ళలు, నల్ల నువ్వుల నూనె 4 పెద్ద చెంచాలు.

మూకుడు వేడెక్కకముందే నూనె, అల్లం కలిపి వేసి సన్న మంట మీద పెట్టండి. అల్లం బిళ్ళల అంచులు ముడుచుకుని గోధుమరంగు వచ్చేదాకా ఆగాలి, పది నిమిషాలు పడుతుంది, తొందరపడి మంట పెంచితే ఈ నూనె చేదెక్కుతుంది, చేదెక్కాక బాగుచెయ్యడం కుదరదు, మళ్ళీ మొదటి నుంచే. తర్వాత కోడి వేసి రంగు మారేదాకా వేయించి, నీళ్ళు పోసి 40 నిమిషాలు ఉడికించండి. ఉప్పు వెయ్యరు, లేదా చివర్లో చిటికెడు.

అసలు పద్ధతిలో నీళ్ళే ఉండవు, ఒక సీసా వైన్ మొత్తం పోసేస్తారు. ఉడికితే ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా అంటారు, అంతా పోదు. పావుగంట మరిగితే ఇంకా 40 శాతం, గంట మరిగితే 25 శాతం, రెండున్నర గంటలు మరిగినా 5 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలున్నాయి. పాలిచ్చే తల్లికి నేనైతే వైన్ లేకుండానే చేశా. పెద్దావిడ ఒప్పుకోకపోతే పాలివ్వని ఇంట్లో వాళ్ళకి విడిగా వైన్ పోసి వండండి, బాలింత గిన్నె వేరు.

5. అల్లం వెనిగర్‌లో కాళ్ళు, గుడ్లు

ఇదీ అసలు పరీక్ష. క్యాంటనీస్ ఇళ్ళల్లో పురుడు రాకముందే ఈ కుండ పొయ్యెక్కుతుంది, ఫ్లాట్ కారిడార్ అంతా వాసన, లిఫ్ట్ దిగిన వాళ్ళకి ఈ ఇంట్లో బిడ్డ పుట్టబోతోందని తెలిసిపోతుంది.

నేను మొదటిసారి దీన్ని సత్తుగిన్నెలో పెట్టా. ఇంట్లో అదే పెద్దది మరి. ఆంటీ వచ్చి మూతెత్తి, ఒకసారి వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా వాళ్ళింటికి వెళ్ళి గోధుమరంగు పిడి కుండ ఒకటి తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. నా గిన్నెలో పులుపు చిలుముపట్టినట్టు వాసన, రెండు లీటర్ల వెనిగర్ తూములో పోశాం. చింతపండు పులుసు సత్తుగిన్నెలో నిలవ పెట్టకూడదని తెలిసిన దాన్నే, అయినా ఆ రోజు బుర్ర పనిచెయ్యలేదు.

కొలతలు: అల్లం 1 కిలో, తీపి నల్ల వెనిగర్ 2 లీటర్లు, మామూలు నల్ల వెనిగర్ పావు లీటరు, పంది కాళ్ళు 2, గుడ్లు 10.

అ) అల్లం తొక్క గీకండి. తొక్క పారెయ్యకుండా ఎండబెట్టండి, స్నానానికి కావాలి. అల్లాన్ని ఒక రాత్రంతా గుడ్డ మీద ఆరనివ్వండి.

ఆ) నూనె లేకుండా మూకుట్లో వేయించాలి, పైన తడంతా పోయి గరుగ్గా అయ్యేదాకా. తర్వాత చాకు పక్కభాగంతో ఒక్క దెబ్బ, పగలాలి గానీ చితకకూడదు. ఆంటీ దెబ్బ కొడితే అల్లం రెండు మూడు చీలికలై ఉన్నచోటే ఉంటుంది, నేను కొడితే ముక్క ఫ్రిజ్ కిందకి పోయేది.

ఇ) కుండలో వెనిగర్, అల్లం వేసి సన్న మంట మీద 40 నిమిషాలు. దింపి మూత పెట్టెయ్యండి. ఇది డెలివరీ డేట్‌కి రెండు వారాల ముందే చేసుకోవచ్చు, రోజూ ఒకసారి మరిగిస్తుండాలి. ఆవకాయ జాడీకి ఎంత మడి పాటిస్తారో దీనికీ అంతే, తడి గరిటె పెట్టారా బూజే.

ఈ) తినే ముందురోజు కాళ్ళు వండాలి. మేక కాళ్ళలాగే కాల్చి గీకి, వెంట్రుక లేకుండా పీకి, నీళ్ళలో 15 నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, చల్లనీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు వెనిగర్‌లో వెయ్యండి. గంట సన్న మంట. ఎక్కువసేపైతే తోలు కరిగి వెనిగర్ జిగురులా అయిపోతుంది.

ఉ) గుడ్లు గట్టిగా ఉడికించి, వలిచి, తడి తుడిచి, పొయ్యి ఆపాక వెనిగర్‌లో ముంచండి. రాత్రంతా నాననివ్వండి. గుడ్లతో కలిపి మరిగించకండి, రబ్బరు బంతులవుతాయి.

చూసుకునే పద్ధతి: పుల్ల గుచ్చితే తోలులోంచి దిగాలి, మాంసం మాత్రం ఎముకని వదిలెయ్యకూడదు. గుడ్డు కోస్తే బయట ముదురు గోధుమరంగు, లోపలికి వెళ్ళేకొద్దీ లేతగా. గొంతు మండేంత ఘాటుంటే అల్లం సరిగ్గా వేగలేదు, ఇంకో రెండు రోజులు మరిగిస్తే తగ్గుతుంది.

కాళ్ళ ఎముకల్లోంచి కొంత కాల్షియం పులుపులోకి దిగుతుంది, అది నిజమే. కానీ ఈ వెనిగర్లో చక్కెర బాగా ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళకి ఒక చిన్న కప్పు మించొద్దు. కడుపులో మంట ఉన్నవాళ్ళకీ అంతే, పరగడుపున అసలు వద్దు. కాళ్ళు వేశాక పాతకాలంలోలాగా వారాల తరబడి బయట పెట్టకండి, చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి ఎంత కావాలో అంతే మరిగించండి.

పంది మాంసం ముట్టని ఇల్లయితే కోడికాళ్ళతో చెయ్యండి. శాకాహారులు చాలామంది అడిగారు, గుడ్డు తింటే గుడ్లు-అల్లం మాత్రమే వెనిగర్‌లో, గుడ్డు కూడా తినకపోతే వేరుశనగ, నల్ల పుట్టగొడుగు, టోఫులతో నువ్వులనూనె-అల్లం సూప్ చెయ్యండి.

6. స్నానం, తల, గాలి

ఎండిన అల్లం తొక్క గుప్పెడు, 3 లీటర్ల నీళ్ళలో 20 నిమిషాలు మరిగించి, వడగట్టి, మామూలు వేడినీళ్ళలో కలపండి. మోచెయ్యి పెట్టి చూసి పొయ్యండి. కుట్ల మీద నేరుగా పొయ్యొద్దు, మంట మండుతుంది.

నెలంతా తల రుద్దుకోకూడదన్నది పాత మాట. మా మరదలు ఐదో రోజుకే ఏడుపు మొహం పెట్టింది. వేడినీళ్ళతో త్వరగా రుద్ది, వెంటనే డ్రయ్యర్‌తో కుదుళ్ళు ఆరబెడితే సరిపోయింది. పళ్ళు తోముకోవద్దనే వాళ్ళ మాట అస్సలు వినకండి, గోరువెచ్చటి నీళ్ళతో తోముకోవాలి.

ఏసీ, ఫ్యాన్ విషయంలో మాత్రం జాగ్రత్త. నడివేసవిలో కిటికీలు బిగించి, దుప్పట్లు కప్పించి, వడదెబ్బ తగిలి బాలింతలు చనిపోయిన వార్తలు చైనాలోనే వచ్చాయి. గాలి మనిషి మీదకి కాకుండా గోడ మీదకి తిప్పి ఏసీ వేసుకోండి. నెలంతా మంచం దిగకపోవడం కూడా మంచిది కాదు, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఇంట్లోనే రోజూ నాలుగు అడుగులు వెయ్యనివ్వండి.

తరచుగా చేసే తప్పులు, త్వరత్వరగా

కూరగాయలు, పళ్ళు పూర్తిగా ఆపెయ్యడం. చలవ అని భయపడి మాంసం, గుడ్లు మాత్రమే పెడితే నాలుగో రోజుకి మలబద్ధకం, కుట్లతో అది నరకం. ఆకుకూర అల్లం, నువ్వులనూనెతో వేయించితే ఏ ఆంటీ అభ్యంతరం చెప్పదు. పళ్ళు ఫ్రిజ్‌లోంచి కాకుండా బయటవి పెట్టండి.

మూలికల ప్యాకెట్లు కొని గుడ్డిగా మరిగించడం. డాంగ్వి అనే వేరు చాలా సూపుల్లో ఉంటుంది, రక్తం పల్చబడే మందులతో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. ప్యాకెట్ మీద పేర్లు చదివించుకుని డాక్టర్‌కి చూపించాకే.

బిడ్డకి మూలికలు తాగించడం. హ్వాంగ్‌లియెన్ అనే చేదు వేరుని పాతకాలంలో పసిబిడ్డకి ఇచ్చేవాళ్ళు, జీ6పీడీ లోపమున్న (పుట్టుకతోనే రక్తంలో ఒక ఎంజైమ్ తక్కువగా ఉన్న) పిల్లలకి పచ్చకామెర్లు ముదురుతాయన్న భయంతో సింగపూర్లో 1978లో నిషేధించారు, 2013 నుంచి దశలవారీగా సడలించారు. నిషేధం లేకపోయినా మీరు ఇవ్వకండి. పాలు తప్ప బిడ్డ నోట్లో ఏదీ వద్దు.

గంటలోపే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, 38 డిగ్రీల జ్వరం, దుర్వాసన, ఒక కాలు వాచి నొప్పి, ఊపిరాడకపోవడం, వీటిలో ఏదున్నా సూపులు పక్కనపెట్టి ఆసుపత్రికి. మంచం మీద పడుకుని ఊరికే ఏడుస్తోందంటే నెలలో ఏడిస్తే కళ్ళు పోతాయని బెదిరించకుండా, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌తో మాట్లాడించండి.

7. నెల నిండిన రోజు

30 నిండగానే మ్యాన్ యుయె, అంటే నిండు నెల, ఎర్ర గుడ్లు పంచుతారు. పక్కింటి వాళ్ళయితే ఈ రోజు వరకు ఆగి వెళ్ళడమే మర్యాద, అంతకుముందు ఏదైనా ఇవ్వాలంటే గుమ్మం దగ్గర ఇచ్చేసి రండి. ఎర్ర కవర్లో డబ్బులు పెట్టండి, 4 అంకె రాకుండా.

మీరే గుడ్లు చెయ్యాల్సి వస్తే: గట్టిగా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే తుడిచి, ఎర్ర ఫుడ్ కలర్‌లో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి అందులో దొర్లించండి, వెనిగర్ లేకపోతే రంగు పెంకుకి సరిగ్గా పట్టదు. జల్లెడ మీద ఆరబెట్టి, ఒక గుడ్డుని తెల్ల టిష్యూతో రుద్ది చూడండి. టిష్యూ ఎర్రబడిందంటే ఇంకో గంట ఆగాలి, లేకపోతే వచ్చిన చుట్టాలందరి చేతులూ పారాణి పెట్టుకున్నట్టు అవుతాయి, మా ఇంట్లో అలాగే అయ్యాయి.